చంద్రపర్వత యాత్రికులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఏ పల్లెటూరి గ్రంథాలయమునందైనను బీరువా తలుపు తెరచి చూచినచో, కొన్ని పుస్తకములు కొన్ననాటివలెనే కొత్తవిగా నుండును. మరికొన్నిటికి అట్టలు ఊడి, అంచులు నలిగి, మూలలు మడతలు పడియుండును. ఆ నలిగినవానిలో సాహసయాత్రల కథలు తప్పక కనబడును. ఊరి పొలిమేర దాటి యెరుగని బాలుడు వానిని చేతబట్టి సముద్రములు దాటివచ్చును. అట్టి నవల యొకదానిని గూర్చియు, అందలి యిద్దరు పురుషుల మైత్రిని గూర్చియు విచారించుటయే నేటి ప్రసంగ విషయము. ఆ నవల పేరు ‘చాందేర్ పహాడ్’; చంద్రుని కొండ యని దాని యర్థము. బెంగాలీ భాషలో దానిని రచించినవాడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ.

బెంగాలీ నవల తెలుగు పాఠకులకు పరాయిది కాదు. బంకించంద్రుడును, శరత్‌చంద్రుడును తెలుగు ఇండ్లలో చుట్టములవలె మసలినవారే. విభూతిభూషణుడు 1894లో జన్మించి 1950లో గతించెను. బడిపంతులుగా పెక్కేండ్లు పనిచేసెను. ఆయన ‘పథేర్ పాంచాలి’ 1929లో పుస్తకముగా వెలువడెను. 1955లో సత్యజిత్ రాయ్ దానిని చలనచిత్రముగా తీసి లోకమునకు చూపెను. వంగదేశపు పల్లెను, వెదురుపొదను, బీదయింటి చూరును అంత చక్కగా వర్ణించిన యీ కలమే 1937లో ఆఫ్రికా ఖండపు అడవులను వర్ణించుచు ‘చాందేర్ పహాడ్’ను వెలువరించెను.

విశేషమేమనగా, ఆ ఖండమున ఆయన ఎన్నడును అడుగిడలేదు. సర్ హారీ జాన్‌స్టన్, రోసిటా ఫోర్బ్స్ మొదలగు యాత్రికుల గ్రంథములు చదివి, అచ్చటి నేలతీరును, ప్రకృతిని తెలిసికొని వ్రాసితినని పీఠికలో ఆయనయే తెలిపెను. ఇది ఏ ఆంగ్ల నవలకును అనువాదము కాదనియు స్పష్టముగా చెప్పెను. పుస్తకముల వెంట నడచి ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు ఆఫ్రికా చేరెను. తన వెంట వంగదేశపు బాలలను తోడ్కొనిపోయెను. పుస్తకము మనుష్యుని ఎంతదూరము కొనిపోగలదో తెలియుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

కథ 1909వ సంవత్సరమున ప్రారంభమగును. శంకరుడు ఇరువదియేండ్ల పల్లెటూరి యువకుడు. ఎఫ్.ఏ. పరీక్ష ముగించి ఇల్లు చేరినాడు. ఆటలలో దిట్ట, దేశపటములన్న ప్రాణము. తండ్రికి జబ్బు, ఇంట లేమి; చదువు సాగు దారి లేదు. జూటు మిల్లులో గుమాస్తా పని సిద్ధముగా నున్నది. జీవితమంతయు ఆ మిల్లు కూతకు లేచి, ఆ కూతకే ఇల్లు చేరవలయునా యని శంకరుడు కుమిలిపోవుచుండగా, ఆఫ్రికాలో రైల్వేయందున్న ఊరివాడొకడు అచ్చట కొలువు ఇప్పించును.

ఆ రైల్వే కల్పితము కాదు. మొంబాసా రేవునుండి విక్టోరియా సరస్సు తీరమువరకు ఆంగ్ల ప్రభుత్వము 1896 మొదలు 1901 వరకు వేసిన యుగాండా రైలుమార్గము అది. దానికొరకు భారతదేశమునుండి సుమారు 32,000 మంది కూలీలను కొనిపోయిరి. వారిలో సుమారు 2,500 మంది అచ్చటనే కన్నుమూసిరి. 1898లో సావో నదిమీద వంతెన కట్టునపుడు రెండు సింహములు నెలలతరబడి కూలీలను ఎత్తుకొనిపోయి తినుటయు, తుదకు పాటర్సన్ అను అధికారి వానిని చంపుటయు చరిత్రకెక్కిన సంగతులు. నవలలో సింహము వచ్చినపుడు పాఠకుని గుండె జల్లుమనుటకు ఆ నిజమే కారణము.

శంకరునికి అచ్చట మొదట దొరకిన మిత్రుడు తిరుమల్ అను మద్రాసు యువకుడు. అతడును సాహసముపై మక్కువతో ఇల్లు విడిచి వచ్చినవాడే. నాటి మద్రాసు రాజధానిలో పెక్కు తెలుగు జిల్లాలు చేరియుండెను. 1860 మొదలు 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలకు ఓడలెక్కిన కూలీలలో తెలుగువారును ఉండిరి. కావున తిరుమల్ వంటివాడు తెలుగు పాఠకునికి దూరపువాడు కాడు. ఒక రాత్రి సింహము తిరుమల్‌ను ఎత్తుకొనిపోయెను. శంకరుని మొదటి స్నేహము అట్లు ముగిసెను. సాహసమనగా చప్పట్లు మాత్రమే కాదనియు, దానికి వెల యుండుననియు రచయిత కథారంభముననే హెచ్చరించినాడు.

తరువాత శంకరుడు మనుష్యసంచారము లేని గడ్డిమైదానమున ఒక చిన్న స్టేషనుకు మాస్టరుగా పోవును. పగటిపూట రైలు వచ్చిపోవును, రాత్రియంతయు ఒంటరితనము. ఒకనాటి రాత్రి గదిలో బ్లాక్ మాంబా అను ఘోరసర్పము పడగయెత్తి నిలువగా, చేతిలోని టార్చిలైటు వెలుగును దాని కన్నులపై కదలకుండ నిలిపి ప్రాణము దక్కించుకొనును. ధైర్యమనగా కత్తి దూయుట కాదు, చేయి వణకకుండ నిలుపుట యని ఆ ఘట్టము నేర్పును.

ఆ స్టేషనుకు కొన్ని మైళ్ల దూరమున, ఒక చెట్టుక్రింద, దప్పికతోను జ్వరముతోను పడియున్న వృద్ధుడొకడు శంకరునికి కనబడును. అతడు డియేగో ఆల్వరెజ్, పోర్చుగీసు దేశీయుడు, బంగారముకొరకు, వజ్రములకొరకు ఖండమెల్ల తిరిగినవాడు. శంకరుడు అతనికి నీరు పోసి, స్టేషనుకు తెచ్చి, రాత్రింబవళ్లు పరిచర్య చేయును. ఎవరవని అడుగకముందే నీరు పోసినాడు. ఈ మైత్రికి పునాది వజ్రము కాదు, మంచినీరు.

కోలుకొనుచున్న ఆల్వరెజ్ తన గతమును చెప్పును. జిమ్ కార్టర్ అను మిత్రునితో కూడి చంద్రపర్వతమున పసుపుపచ్చని వజ్రముల గనిని వెదకబోయి, అడవిని కాచు బునిప్ అను భయంకర జంతువుచేత ఆ మిత్రుని పోగొట్టుకొని ఒంటరిగా మరలివచ్చినాడు. ఆ కథ విని శంకరుడు కొలువు విడిచి అతని వెంట బయలుదేరును. విక్టోరియా, టాంగన్యికా సరస్సులు దాటి ఇద్దరును ఆ కొండలను చేరుదురు.

ఇచ్చట కొంత నిలిచి ఆ స్నేహమును పరిశీలింపవలయును. పురాణములలో రామసుగ్రీవుల మైత్రి కలదు; అది అగ్నిసాక్షిగా కుదిరిన యొడంబడిక, ఒకరి కార్యమునకు ఒకరు సాయము. కృష్ణకుచేలుల మైత్రి కలదు. అది గురుకులమున పుట్టి అటుకుల మూటతో పండినది. ఆల్వరెజ్ శంకరుల నడుమ గురుకులము లేదు, అగ్నిసాక్షి లేదు. ఒకడు అరువదియేండ్లు దాటినవాడు, ఒకడు ఇరువదియేండ్లవాడు. మతము వేరు, దేశము వేరు. మాటలాడుకొను ఇంగ్లీషు ఇద్దరికిని ఉగ్గుపాలతో వచ్చిన భాష కాదు. పైగా అది తెల్లవాడు దొర, భారతీయుడు కూలీ యను కాలము. అట్టి కాలమున ఒక బెంగాలీ రచయిత ఒక తెల్లవానిని, ఒక భారతీయుని ఒకే గుడారమున, ఒకే నెగడు ప్రక్కన కూర్చుండబెట్టినాడు. అందు దొర లేడు, బంటు లేడు. పెద్దవాడు నేర్పును, చిన్నవాడు నేర్చుకొనును, అంతియే వ్యత్యాసము.

నేర్పునది ఉపన్యాసముగా కాదు. దారి తప్పినపుడు కంగారుపడకుండుట, ఉన్న ఆహారమును లెక్కచూచుకొనుట, తుపాకిని ఎపుడు ఎత్తవలయునో, ఎపుడు దించవలయునో తెలిసియుండుట, ఇవి ఆల్వరెజ్ చేసి చూపిన పాఠములు. వారు మాటలకంటె పనులలోనే ఎక్కువ స్నేహితులు. పొలము దున్నునపుడు కాడికి రెండువైపుల నడచు ఎడ్లవలె, ఒకదాని అడుగు తడబడిన రెండవది బరువు మోయును. అడవిలో వారు తిరిగిన చోటనే తిరిగి సొమ్మసిల్లుదురు. నిప్పులు గ్రక్కు కొండను కన్నులార చూతురు. గని మాత్రము దొరకదు. తుదకు జిమ్ కార్టర్‌ను బలిగొన్న జంతువే ఆల్వరెజ్‌ను గూడ బలిగొనును.

శంకరుడు మిత్రునికి సమాధి చేసి ఒంటరియగును. ఈ నవలకు హృదయము ఇచ్చటనే కలదు. ఇంతవరకు ఇద్దరు నడచిరి. ఇకమీద ఒక్కడే నడచును, కాని ఆల్వరెజ్ నేర్పిన విద్య వెంటనుండును. ఒక గుహలో చీకటియందు దారి తప్పినపుడు గులకరాళ్లను గుర్తులుగా వేసికొనుచు బయటపడును. ఆ రాళ్లే ముడి వజ్రములని అపుడు అతనికి తెలియదు. గని నడుమ నిలిచియు గనిని గుర్తింపలేదు. దారి కనుగొనుటకు వానిని వాడుకొని ముందునకు సాగెను.

కలహరి యెడారి దారిలో మరియొక గుహలో అత్తీలియో గాత్తి అను ఇటలీవాని అస్థిపంజరము కనబడును. అతడు దిక్కులేక మరణించుచు సీసాలో ఒక లేఖ వ్రాసి ఉంచినాడు. తనను కనుగొన్నవాడు తనకు అంత్యక్రియ జరిపినచో, తన బూట్లలో దాచిన వజ్రములు వానికే చెందునని ఆ లేఖ సారాంశము. శంకరుడు ఆ తెలియనివానికి సమాధి చేసెను. వజ్రములు అతనివి అయ్యెను. రచయిత గనిని త్రవ్వించి సంపద నిప్పింపలేదు. ఒక శవమునకు చేసిన ఉపకారమునకు ప్రతిఫలముగా ఇప్పించినాడు. దప్పికగొన్నవానికి నీరు పోయుటతో మొదలైన కథ, దిక్కులేనివానికి మన్ను వేయుటతో ఫలించినది. పిమ్మట యెడారిలో చావునకు చేరువైన శంకరుని సర్వేవారు కాపాడి, నేడు హరారే అని పిలువబడు నాటి సాలిస్‌బరీ నగరమునకు చేర్చిరి. తాము చూచిన అగ్నిపర్వతమునకు అతడు తన పేరు పెట్టుకొనలేదు. ఆల్వరెజ్ పేరు పెట్టెను.

గుణములతోపాటు లోపములను గూడ చెప్పుట న్యాయము. నవలలో ఆఫ్రికా దేశీయులు చాలవరకు నేపథ్యముననే నిలిచిపోయిరి. వారి యడవి, వారి కొండ, కాని కథ వారిది కాలేదు. రచయిత చదివిన యాత్రాగ్రంథములలోని చూపు అట్టిది. అది అతని కలములోనికిని దిగినది. చంద్రపర్వతము లున్నవని చెప్పిన రిక్టర్స్‌వెల్డు నిజముగా దక్షిణాఫ్రికా వాయవ్య మూలనున్న యెండినకొండల సీమ. కథలోని కీకారణ్యము కల్పితము. బునిప్ అను పేరు ఆస్ట్రేలియా ఆదివాసుల గాథలలోనిది. చదువరి వీనిని తెలిసి చదివిన నష్టము లేదు; తెలియక నమ్మినచో భూగోళము తప్పును.

ఇక ఈ ఊరివారికి ఈ నవలతో ఏమి పని యని అడుగవచ్చును. పని కలదు. ప్రతి ఊరిలోను జూటు మిల్లునకు బదులు ఏదో యొక కొలువు యువకునికొరకు కాచియుండును. ప్రతి ఇంటను దూరదేశమునకు పోదునను కుమారుడును, వలదను తల్లియు ఉందురు. ఇద్దరిలో ఎవరి మాట సరియని నవల తీర్పు చెప్పదు. తిరుమల్ మరలి రాలేదు, కార్టర్ రాలేదు, ఆల్వరెజ్ రాలేదు, శంకరుడొక్కడే వచ్చినాడు. ఆ లెక్కను రచయిత దాచలేదు. కావున పిల్లలు ఈ కథ చదివి ఇల్లు విడిచిపోదురని తల్లిదండ్రులు భయపడ నక్కరలేదు. వెల తెలియజెప్పు పుస్తకము మోసపుచ్చదు. యువకులు గ్రహింపవలసినది వేరొకటి కలదు. ఎచ్చటికి పోవుచున్నామను ప్రశ్న కంటె, ఎవరి తోడ పోవుచున్నాము, ఆ తోడునకు మనము ఎట్టి తోడు అను ప్రశ్న పెద్దది. పట్నమున చదువునకు పోయినను, పరదేశమున పనికి పోయినను, జ్వరము వచ్చిన రాత్రి నీరు పోయువాడే బంధువు.

2013లో ఈ నవల బెంగాలీలో చలనచిత్రముగా వచ్చినది. తెరమీద సింహము పెద్దదిగా కనబడును. కాని ఒక వృద్ధుడు నిదురించుచుండగా ఒక యువకుడు మేలుకొని కూర్చుండుటలోని గొప్పదనము పుటలు త్రిప్పుచు మెల్లగా చదివినవానికే బాగుగా తెలియును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న మేలు అదియే. ఇంతకాలము దీపము ఆరకుండ కాచిన పెద్దలకు అభినందనలు. ఇకముందు గూడ ఇచ్చటి సాహసకథల అట్టలు ఏటేటా నలుగుచు, ఏటేటా కొత్త అట్టలు వేయబడుచు నుండుగాక.