రక్తం గడ్డకట్టడం: శత్రువా, కాపలాదారా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అయినా ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. మనలో చాలామంది ఆస్పిరినో, క్లోపిడోగ్రెలో, వార్ఫరినో వాడుతున్నాం. వాటిని "రక్తం పలచబడే మాత్రలు" అంటాం. కోవిడ్ వచ్చి వెళ్ళాక, జ్వరం తగలగానే గుండెకు మంచిదని సొంతంగా అలాంటి మాత్ర వేసుకునేవారూ ఉన్నారు. గడ్డకట్టడమంటే కీడు, పలచబడడమంటే మేలు అని వారి లెక్క. లెక్క అంత సులువు కాదు.

గుండె కండరానికి వచ్చే వాపును మయోకార్డైటిస్ అంటారు. దానికి తరచుగా వైరస్‌లే కారణం. వాటిలో పేరుపడినవి కాక్సాకీ వైరస్‌లు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో కాక్సాకీ అనే ఊరి పిల్లల నుంచి డాల్‌డార్ఫ్, సికిల్స్ అనే శాస్త్రజ్ఞులు 1948లో ఈ జాతి వైరస్‌ను మొదట కనుగొన్నారు. చాలామందికి అది మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. కొద్దిమందిలో మాత్రం గుండె కణాలను చంపుతుంది. దాన్ని తరమడానికి వచ్చిన రక్షణ కణాలు కూడా గుండెకు మరికొంత నష్టం చేస్తాయి.

గడ్డకట్టడానికి ముఖ్యమైన పదార్థం థ్రాంబిన్. అది రక్తంలో వలలాంటి పోగులను అల్లిస్తుంది. దానికి రెండో పని కూడా ఉంది. కణాల మీద పార్-1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆఫీసు భాషలో చెప్పాలంటే, గేటు మూసి ఊరుకునే వాచ్‌మన్ కాదు, లోపలికి కబురు కూడా పంపుతాడు.

ఆ కబురు విలువ ఎంతో 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చూపించారు. పార్-1 లేని ఎలుకలకు కాక్సాకీ వైరస్ సోకినప్పుడు, వైరస్‌ను అణిచే ఇంటర్‌ఫెరాన్ మొదట్లో తక్కువగా తయారైంది. ఎనిమిదో రోజుకు గుండెలో వైరస్, నష్టం రెండూ పెరిగాయి. మామూలు ఎలుకల్లో థ్రాంబిన్‌ను అడ్డుకున్నా ఫలితం అదే.

మరో వైపు కూడా చూడాలి. వాపు వల్ల గుండె నీరసిస్తే, గదుల్లో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అప్పుడు గడ్డకట్టనివ్వని మందే ప్రాణం కాపాడుతుంది. కోవిడ్ విషయంలో 2021లో వెలువడిన పరీక్షలు చూడండి. ఆసుపత్రిలో చేరినా పరిస్థితి విషమించని రోగులకు పూర్తి మోతాదు హెపారిన్ మేలు చేసింది. విషమించినవారికి చేయలేదు. మందు ఒకటే, సమయం వేరు.

ఎలుకలు మనుషులు కావు. కాబట్టి నా మాటలు విని రేపటి మాత్ర మానకండి. స్టెంటు ఉన్నవారు, గుండె లయ తప్పినవారు హఠాత్తుగా మానడం ప్రమాదం. అలాగే జ్వరానికి సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. అది డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇప్పటికే వాడుతున్నవారు జ్వరం రాగానే డాక్టరును అడగాలి. జ్వరంలోగాని, తగ్గిన కొద్ది రోజులకుగాని ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ, స్పృహ తప్పడం కనిపిస్తే గ్యాస్ అని సరిపెట్టుకోక, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇ.సి.జి., ట్రోపోనిన్, ఎకో పరీక్షలు అక్కడ చేస్తారు. వాడుతున్న మాత్రల చీటీ వెంట ఉంచుకోండి.

ఫైలు మీద ఉత్తర్వు రాసే అధికారం గుమాస్తాది కాదు. మాత్ర విషయంలో ఆ అధికారం డాక్టరుది. పూర్తి వివరాలతో, ఆలస్యం లేకుండా ఫైలు పెట్టడం మన పని. ఆ పని మనకు కొత్త కాదు గదా!