గంతల టేకు చేప

వలలో చిన్న టేకు చేప కనిపిస్తే, ఏదో పెద్ద టేకు పిల్ల అనుకుంటాం. పిల్ల కాకపోవచ్చు. ముందు కళ్ళు చూడండి. గంతలు కట్టినట్టు రెండు కళ్ళ మీదుగా నల్లటి పట్టీ ఉందా? వీపున నీలి చుక్కలు, తోక మీద నలుపూ తెలుపూ కట్లు కూడా ఉంటే అది నియోట్రైగాన్ రకం. ఎంత పెరిగినా వెడల్పు మూరెడు దాటడం అరుదు.

పగలు ఇసుక కప్పుకుని పడుకుంటుంది. నోరేమో కడుపు వైపు! మరి ఊపిరెలా? కళ్ళ వెనకే రెండు రంధ్రాలుంటాయి. నీళ్ళు అటునుంచి మొప్పలకు చేరతాయి. భలే ఏర్పాటు.

చిక్కంతా పేరుతోనే. హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా ఇలాంటివన్నీ ఒకే జాతి అని చాలాకాలం నమ్మారు. జన్యువులు పోల్చి చూశాక, 2018లో మన వైపు సముద్రంలోని దానికి నియోట్రైగాన్ ఇండికా అని వేరే పేరు పెట్టారు. ఒట్టి కంటితో అంత దూరం తేల్చడం కష్టమే.

ఒక్క మాట. చేత్తో తిప్పి చూడబోకండి. విషపు ముల్లు తోక కొసన కాదు, పైభాగాన ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ చోటు ముంచి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.