చేత్తో తిరగని మర

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. నేను సైకిలు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో నా సర్వీసంతా సైకిలు మీదే గడిచిందని మీకు తెలుసు.

బాపట్లలో చదువుకుంటున్న మా మనవడు ట్రాక్ పందేల సైకిలు కట్టుకోవాలనుకున్నాడు. దానికి ఫ్రీవీలుండదు, బ్రేకుండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో జపాన్‌లో తయారైన పాత ఫ్రేము కొన్నాడు. క్రాంకులు, బి.బి. కప్పులు ఇటలీవి. రిమ్ములు ఫ్రాన్సువి, చైను తైవానుది, సీటు ఇంగ్లండుది. చైను లింకు ఏ దేశానిదైనా అర అంగుళమే కనుక అక్కడ చిక్కు రాలేదు. కప్పులు మాత్రం ఫ్రేములోకి దిగలేదు.

"కొత్త మర బిగువుగానే ఉంటుందిరా, పానాతో గట్టిగా తిప్పు" అన్నాను. వాడు తటపటాయించాడు. చివరకు తెనాలిలో రేపల్లె రైలెక్కి, ఒకప్పుడు నా బండి చూసిన ముసలి మేస్త్రి దగ్గరకు ఫ్రేము తీసుకెళ్ళాం.

ఆయన లోపల వేలితో తడిమి చూసి, "బాబుగారూ, ఇది జపానుదైనా మర ఇంగ్లీషు బండిదే. కుడిపక్క ఎడమ మర. మీ కప్పులు రెండూ కుడి మరవి. పానా వేసుంటే ఫ్రేము పోయేది. చేత్తో తిరగని మరను పానాతో తిప్పకూడదు" అన్నాడు.

తర్వాత వాడు కొలతలు సరిచూశాడు. ఇంగ్లీషు కప్పు సుమారు 34.8 మిల్లీమీటర్లు, ఇటలీ కప్పు 36. తొక్కేకొద్దీ వదులు కాకుండా ఇంగ్లీషువారు కుడిపక్క ఎడమ మర పెట్టారు. నా మాట విని ఉంటే వాడి సొమ్మంతా బూడిదలో పోసినట్లయ్యేది. ఆ సంగతి వాడి ముందే ఒప్పుకున్నాను.

సరైన కప్పులు తెప్పించి బండి కట్టాడు. ముందు పళ్ళు 48, వెనక 16. పెడలు ఒక్క చుట్టుకు చక్రం మూడు చుట్లు, అంటే ఆరు మీటర్ల పైచిలుకు.

ఇక మిగిలింది నా భయం. ట్రాక్ మీద అందరూ ఒకే వైపు పోతారు, ఎవరికీ బ్రేకుండదు. బోసు రోడ్డులో గేదెకు ఆ నియమం తెలియదు కదా! ఆ ఫోర్కుకు బ్రేకు బిగించే రంధ్రమైనా లేదు. అందుకని రోడ్డు మీద తొక్కనని మాట తీసుకున్నాను. 2002 జాతీయ క్రీడలప్పుడు పోటీలు జరిగిన ఉస్మానియా వెలోడ్రోమ్ లాంటి చోటే తొక్కాలి. 2019లో జర్మనీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో మన కుర్రాళ్ళు టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచారు. వాడి ఆశ కాదనడానికి నేనెవణ్ణి?

పిల్లల పనిలో సాయపడదాం. పానా పట్టుకునే ముందు మాత్రం మర ఎటు తిరుగుతుందో చూద్దాం.