తీర్మానం రాసే ముందు

ఈరోజు పట్టాలు అందుకుంటున్న వ్యవసాయ పట్టభద్రులారా,

బాపట్ల నుంచి రామాపురం దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఇసుక నేలలు మీరు చూసినవే. అక్కడ వాననీరు కింది ఉప్పునీటి మీద పలచటి పొరగా నిలుస్తుంది. రైతులు దొరువులు తవ్వి, ఆ మంచినీటిని కడవలతో ముంచి మొక్కలకు పోసేవారు. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దానినే ఆధారం చేసుకుని, ఇసుకలో చిల్లుల గొట్టాలు పరిచి, నీటిని ఒక బావిలోకి చేర్చి, స్ప్రింక్లర్లకు అందించే మెరుగైన దొరువును రూపొందించారు. రైతు తెలివిని తోసిపుచ్చకుండా దానికి తోడుగా నిలిచిన శాస్త్రం అది. మీ చదువుకు అంతకంటే మంచి దారి నాకు తోచదు.

కానీ ఒక్కరు లోతుగా బోరు వేసి ఆపకుండా తోడితే కింది ఉప్పు పైకి లేస్తుంది. పక్క పొలం నీరూ చెడుతుంది. ఎవరెంత తోడాలన్నది ఊరు కూర్చుని అనుకోవాల్సిన మాట.

ఊరు అలా కూర్చుంటే ఏమవుతుందో ఖమ్మం ప్రాంతంలో, పాల్వంచ దగ్గరి పునుకుల చూపించింది. అక్కడ పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయారు. అప్పిచ్చిన వ్యాపారికే పంట అప్పగించాల్సిన స్థితి. 1999 ప్రాంతంలో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు పరిచయం చేస్తే మొదట కొద్దిమందే నమ్మారు. మలుపు తిప్పింది మహిళా సంఘాలు. మందు కొట్టి జబ్బుపడిన మనిషికి సేవ చేసేది, ఆ ఖర్చుకు అప్పు పుట్టించేది ఆడవాళ్లే కదా. 2003 నాటికి ఊరంతా మందులు మానేసింది. ఆ తర్వాత ఆ పద్ధతిని అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా మహిళా సమాఖ్యలే భుజానికెత్తుకున్నాయి. అలా ఎదిగిన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

అయినా నాకు ఒక దిగులుంది. తెనాలి, రేపల్లె మాగాణుల్లో దున్నేవాళ్లలో చాలామంది కౌలుదార్లు. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారు సాగు హక్కు పత్రానికి భూయజమాని సమ్మతి కావాలి, గడువు పదకొండు నెలలే. నేల బాగుపడడానికి ఏళ్లు పడుతుంది; వచ్చే ఏడు ఆ పొలం తనదో కాదో తెలియనివాడు ఘనజీవామృతం ఎందుకు వేస్తాడు? మినుము తీశాక పొలాల్లో గొర్రెల మంద కట్టే కాపరుల సంగతీ అంతే. నేలకు ఎరువు వాళ్లిస్తారు. మేత బీళ్లు రొయ్యల చెరువులైపోతుంటే వాళ్లను అడిగినవారు అరుదు. వీళ్లు లేని సంఘాన్ని నేను ఊరి సంఘం అనలేను.

రేపు మీలో చాలామంది ఉద్యోగులుగా గ్రామసభల్లో కూర్చుంటారు. సభను మంద ఇంటికి చేరాక, చీకటి పడ్డాక పెట్టండి. కౌలుదారును, కాపరిని పేరు పెట్టి పిలవండి. వాళ్లు మాట్లాడాకే తీర్మానం రాయండి.