గట్టుమీది ఆకు, కొట్టములోని పెంట



నేను బడిపంతులను, అమరకోశము చదువుకొన్నవాడనే కాని కృషిశాస్త్రము చదివినవాడను కాను. మా 3 ఎకరముల మాగాణి విషయమున నేను చేసిన యొక తప్పును మీకు విన్నవించెదను.

మా తండ్రిగారి కాలమున ఆ గట్లమీద 11 కానుగచెట్లుండెడివి. ఏటేట నాట్లకు రెండు వారములు ముందుగా వాని కొమ్మలు కొట్టించి, ఆకును దమ్ములో త్రొక్కించెడివారు. వారి యనంతరము నేను ఉద్యోగముతో ఊరూర తిరుగుచు ఆ పని మానితిని. కొమ్మలు పెరిగి నీడ కమ్మెను. నీడకు పైరు పలుచనగుచున్నదని చెట్లనే కట్టెలకు అమ్మివేసితిని! కొమ్మ కొట్టింపకపోవుటయే దోషమని నాకు అప్పుడు తోచలేదు. సంచి యెరువుతో కొన్నియేండ్లు పైరు పచ్చగనే యుండెను. పిమ్మట మన్ను బిరుసెక్కి, దున్నినచో పెళ్లలు లేవసాగెను.

కానుగ ఎదుగుటకు ఏండ్లు పట్టును. గిరిపుష్పమైనచో కొమ్మ పాతిన నాటుకొని త్వరగా ఆకు నిచ్చును. పూతకు రాకముందే, లేతగా నున్నప్పుడు కొట్టవలెను. ముదిరిన కొమ్మ శీఘ్రముగా చివుకదు.

అయితే ఆకొక్కటియే చాలదు. ఆకున నత్రజని మెండు, భాస్వరము కొంచెము. భాస్వరము పశువుల పేడలో నుండును. మూత్రమున నత్రజనియు పొటాషును ఉండును. మనము పేడ నెత్తుకొని మూత్రమును నేలకు విడిచెదము. తెల్లవారుజామున కొట్టములో ముక్కునంటు ఘాటు ఏమనుకొంటిరి? ఎగిరిపోవుచున్న నత్రజనియే. పశువుల క్రింద ఎండుగడ్డియు పొడిమన్నును పరచి, తడిసినదానిని పేడతో గూడ గుంటలో వేసి, పైన మన్ను కప్పి, నీడపట్టున నుంచవలెను. ఇట్లు బాగుగా చివికిన 10 టన్నుల పెంటలో సుమారు 50 కిలోల నత్రజని యుండును. ఆల్బర్టు హవర్డుగారు ఇందోరులో సాగించి, 1931లో గ్రంథముగా ప్రకటించిన పద్ధతియందును మూత్రము పీల్చిన మన్నునకు చోటు కలదు.

ధాన్యము బండి నెక్కి అంగడికి పోవునపుడు కొంత భాస్వరము దానితోనే పోవును. కావున సంచి యెరువును నేను నిషేధింపను. మన్ను పరీక్ష చేయించి లోటు మాత్రము పూరించుట మేలు.

మరల చెట్లు నాటింపదలచి మా కౌలుదారుని పిలిచితిని. "చెట్టు నాటేది నేను, ఆకు కొట్టుకునేది ఇంకొకడా, పంతులుగారూ?" అని యతడడిగెను. ఏడాది కౌలువానికి నేనేమి బదులు చెప్పగలను? 5 ఏండ్లకు కాగితము వ్రాసి యిచ్చితిని. ఆ సాయంకాలమే యతడు గట్టున గుంతలు త్రవ్వ నారంభించెను.