సర్ తామస్ మన్రో: యుద్ధకాలమున బడులను లెక్కించిన గవర్నరు



దత్తమండలములలో ఒకప్పుడు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనెడివారు. దొర పేరు బిడ్డకు పెట్టుట వింత. ఆ దొర శిస్తు వసూలునకు వచ్చినవాడని తెలిసినచో ఆ వింత మరింత పెరుగును.

తామస్ మన్రో 1761లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున జన్మించి, 1780లో కంపెనీ సైన్యమున చేరుటకు మదరాసు వచ్చెను. 1800లో నిజాము ఆదోని మొదలగు సీమలను కంపెనీకి ఒప్పగించినప్పుడు, వానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి ఏడేండ్లు పనిచేసెను. గుడారములలో కాపురముండి, ఊరూరు తిరిగి, పొలము పొలమునకు కొలత వేయించెను. నడుమ జమీందారు లేకుండ సర్కారు రైతుతోనే లెక్క చూచుకొను రైతువారీ పద్ధతిని ఇచ్చట నెలకొల్పెను.

ఆ దినములను పొగడునప్పుడు తెర్నేకల్లును మరువరాదు. 1801లో ఆ గ్రామస్థులు శిస్తు విషయమున ఎదురుతిరిగి కోటలో నిలువగా, కంపెనీ సైన్యము కోటను పట్టుకొని, ఊరి నాయకుడగు ముత్తుకూరు గౌడప్పను ఉరితీసెను. మన్రో ఎంత న్యాయశీలియైనను ఆయన కొలిచినది పరాయి ప్రభుత్వమును.

శిస్తు అధికమని ఆయనయే గ్రహించి, నాల్గవ వంతు తగ్గింపుడని 1807లో పైవారికి వ్రాసెను. వారు వినలేదు. పైగా ఊళ్ళను గుత్తకిచ్చిరి. గుత్తదారులును చెడిరి, రైతులును చెడిరి. 1820లో మదరాసు గవర్నరైన పిదప మన్రో తన పాత సిఫారసును తానే అమలు జరిపెను. పదమూడేండ్లనాటి మాటను, అధికారము చేతికి రాగానే నిలుపుకొను ఉద్యోగులు ఏ ప్రభుత్వమునందైనను అరుదు.

గ్రంథాలయ సభలో ముఖ్యముగా చెప్పుకొనవలసినది ఆయన చేయించిన బడుల లెక్క. ప్రతి జిల్లాలో బడులెన్ని, చదువువారెందరు అని 1822 జూన్ నెలలో కలెక్టర్లను అడిగెను. ఆదోని, ఎమ్మిగనూరు అప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడే కర్నూలు జిల్లాలో చేరినవి. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన లెక్క ప్రకారము జిల్లా మొత్తమున 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందు బాలికలు 60 మందియే! పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పెడివారు. సీమగుడ్డలు వచ్చి దేశపు నూలుబట్టలను త్రోసివేయుటచే పనివారి సంపాదన తగ్గినదనియు, పేదరికమువలన చదువు సన్నగిల్లుచున్నదనియు క్యాంబెల్ దాపరికము లేక వ్రాసెను. ఎమ్మిగనూరు నేతవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. మాచాని సోమప్ప 1938లో అచ్చట చేనేత సహకార సంఘమును స్థాపించుటకు నూరేండ్లకు మునుపే ఆ గాయము సర్కారు కాగితములకు ఎక్కినది.

ఈ లెక్కలు చేరుచుండగనే 1824లో బర్మా యుద్ధము వచ్చెను. పదవి విడిచి స్వదేశము చేరవలెనని ముందే కోరిన మన్రో, యుద్ధము కారణముగా నిలిచిపోయెను. సిపాయిలను, ఎడ్లను, ఆహారసామగ్రిని ఓడలకెక్కించి పంపు భారము మదరాసుపై పడెను. ఈ సేవకే 1825లో ఆయనకు బారొనెట్ బిరుదు వచ్చినది. అయినను ఆ యుద్ధము నడుమనే, 1824 డిసెంబరు 31న, ఈ దేశస్థులను ఉన్నతోద్యోగములకు దూరముగా ఉంచుట తగదనియు, ఒకనాటికి వారే తమ్ము పాలించుకొనవలెననియు ఒక వ్రాతలో స్పష్టపరచెను.

1826 ఫిబ్రవరి 24న యాందబో సంధితో యుద్ధము ముగిసెను. పదునాలుగు దినములకు, మార్చి 10న, మన్రో విద్యను గూర్చిన తన నిర్ణయమును వ్రాసెను. రాజధాని మొత్తమున 1,28,50,941 మంది జనమునకు 12,498 బడులు. అనగా సుమారు వేయిమందికి ఒక బడి. ప్రతి జిల్లాకు రెండు పెద్ద బడులు, ప్రతి తహశీలుకు ఒక బడి సర్కారు ఖర్చుతో పెట్టవలెనని ఆయన పథకము. ఆయన పోయిన పిదప దానిని చూచువారు లేక, 1836లో పథకమే రద్దయినది.

మంత్రాలయమున రాఘవేంద్రస్వామివారు మన్రోకు దర్శనమిచ్చి మాటలాడిరను కథ అందరును ఎరిగినదే. 1812 అని కొందరు చెప్పుదురు గాని, ఆ ఏడు మన్రో ఇంగ్లండులో ఉండెను. సంవత్సరము కుదరకున్నను, మఠము మాన్యములకై వచ్చిన అధికారి పాదరక్షలు విడిచి లోనికి పోయెనని జనులు తలచుకొనుట గమనింపదగినది.

1827లో, పదవి విడుచుటకు ముందు, దత్తమండలములను కడసారి చూడవలెనని మన్రో బయలుదేరెను. దారిలో బిడారమున కలరా ప్రవేశించెను. జులై 6 రాత్రి పత్తికొండలో ఆయన మరణించెను. మరునాడు గుత్తిలో పాతిపెట్టిరి. 1831లో అస్థికలను మదరాసు కోటలోని చర్చికి తరలించిరి. చందాలు పోగుచేసి మదరాసున గుఱ్ఱముపై కంచువిగ్రహము నిలిపిరి. పత్తికొండలో మాత్రము ఆయన పేర ఒక బావి త్రవ్వించి, చుట్టును తోపు నాటించిరి.