ఉచిత దినపత్రిక ఖర్చు ఎవరిది?

1995లో స్టాక్‌హోమ్ భూగర్భ రైలు స్టేషన్లలో ‘మెట్రో’ అనే దినపత్రికను ఉచితంగా పంచడం మొదలైంది. ఖర్చంతా ప్రకటనలదే. ఆ పద్ధతి ఎన్నో నగరాలకు పాకింది. 2009లో లండన్ ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ కూడా వెల ఎత్తేసింది. తర్వాత ప్రయాణికుల చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది, ప్రకటనలు దాని వెంటే పోయాయి. స్వీడన్ ‘మెట్రో’ అచ్చు 2019లో ఆగింది. ‘స్టాండర్డ్’ 2024లో వారపత్రికగా మారింది. హైదరాబాద్‌లో ఇలాంటి పత్రిక వేళ్లూనుకోకపోవడానికీ కారణాలున్నాయి. ఇక్కడ తక్కువ ధరకే పేపరు గుమ్మంలో పడుతుంది. ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చి స్థానిక వార్తల కొరత చాలావరకు తీర్చింది. నగరంలోని ఉప్పల్‌కు మెట్రో రైలు 2017లో వచ్చేసరికే చౌక డేటా అందరి జేబుల్లో ఉంది.

ప్రకటనలతో బతికే పత్రిక పోతే నష్టమేమిటని అడగవచ్చు. వెల ఉన్న పత్రిక కూడా ప్రకటనల మీదే నడుస్తుంది, తేడా మోతాదులోనే. కాలనీ వార్తలు వాట్సాప్‌లో వస్తున్నాయిగా అనీ అనవచ్చు. వస్తున్నాయి, కానీ వాటికి జవాబుదారీ ఎవరు? అచ్చు పత్రికలో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు చిన్న అక్షరాల్లో తప్పక ఉంటాయి. తప్పు రాస్తే నిలదీయడానికి ఆ ఒక్క వరుస చాలు. నగరంలోని సైనిక్‌పురిలో చెరువు నీరు, రోడ్డు పని, నాచారంలో పరిశ్రమల పొగ గురించి తిరిగి, అడిగి, సరిచూసి రాసే విలేకరికి జీతం కావాలి. ఆ జీతంలో కొంత పాఠకులమే భరించాలి. నిజమైన వార్తకు అదే గట్టి పునాది.